శబ్దం లేని తుపాకీ, కట్టులేని కుక్క

తౌనో మొయిలానెన్‌ను చంపినవాళ్లు అతన్ని కాఫీ కూడా పూర్తిగా తాగనివ్వలేదు.

ఫైరింగ్ రేంజి పక్కన దుంగ మీద కూర్చుని, చెక్క కప్పులో కాఫీ ఊదుకుంటున్నాడు. ఫిన్లాండ్ సైన్యానికి చిన్న ఆయుధాలన్నీ పరీక్షించి పెట్టే పెద్ద ఆర్మరర్ అతను. ఎదురుగా గడ్డకట్టిన సోర్సా సరస్సు, దాని మీద మార్చి నెల ఎండ. ఉన్నట్టుండి ముందుకు వంగాడు, ఏదో జారవిడుచుకుని మంచులో వెతుక్కుంటున్నట్టు. మళ్లీ లేవలేదు.

వంటపాక కిటికీ తెరిచే ఉంది. లోపల జావ కలుపుతున్న మనిషికి తుపాకీ చప్పుడు గాని, మరో చప్పుడు గాని వినపడలేదు. ఆమె బయటికొచ్చి "ఇంకో కప్పు పొయ్యనా?" అని అడిగి, జవాబు రాకపోతే మొయిలానెన్‌కు ఎప్పుడూ ఉండే మొండితనమే అనుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ ప్రాంతంలో మనిషి మాట్లాడకపోతే ఎవరూ కంగారు పడరు.

*

"కూర్చోకు," అంది కర్నల్ ఔనే హోలప్ప. "నీతో ఎక్కువసేపు మాట్లాడే ఓపిక నాకు లేదు."

హెల్సింకీలో ఆమె ఆఫీసు. కిటికీ అవతల ట్రాములు మంచును బురద చేస్తున్నాయి. సకరి పెల్తో నిలబడ్డాడు. నలభై రెండేళ్లవాడు, సన్నగా, ఎముకల మనిషి. డిపార్టుమెంటులో అతనికి స్నేహితులు తక్కువ, ఫిర్యాదులు ఎక్కువ.

"నిన్ను పంపడం నాకిష్టం లేదని ముందే చెబుతున్నా. కానీ బోయాన్‌ను సరిహద్దు దాటించి తెచ్చింది నువ్వు. వాణ్ణి ఆ దీవిలో దాచింది నువ్వు. వాడు నిన్ను తప్ప ఎవర్నీ నమ్మడు. ఖర్మ."

బోయాన్ అనేవాడు నార్వాల్ ముఠా వర్క్‌షాపులో మెకానిక్. నార్వాల్ వాళ్లు ఆయుధాలు అమ్ముతారు. కొన్నవాణ్ణి వాడి శత్రువుకు అమ్ముతారు. అలా రెండు చేతులా సంపాదించి సగం యూరప్‌ను జేబులో పెట్టుకున్నారు. వాళ్ల పేర్లు, ముఖాలు తెలిసి, కోర్టులో చెప్పడానికి ఒప్పుకున్న మొదటి మనిషి బోయాన్. వచ్చే వారం విచారణ. అందాకా వాడు బతికుండాలి. "నువ్వు బతుకుతావు, నాది పూచీ," అని సకరి వాడి చేతిలో చెయ్యి వేసి చెప్పాడు. అంతవరకు సకరి ఎవరికీ దేనికీ పూచీ పడలేదు. అందుకే ఆ మాట అతన్ని ముల్లులా గుచ్చుతోంది.

"దీవిలో ఇద్దరు కాపలా," అంది హోలప్ప. "వాళ్ల దగ్గరున్న తుపాకులు పేలిస్తే సరస్సు అంతా మోగుతుంది. ఎవడైనా దారి తప్పి అటు వచ్చినప్పుడు ఒక్కసారి పేలిస్తే చాలు, దీవి ఎక్కడుందో జిల్లా అంతా తెలిసిపోతుంది. అందుకని సైలెన్సర్ బిగించిన సెమీ ఆటోమేటిక్ కావాలన్నాను. తూటా కూడా సబ్‌సోనిక్, అంటే ధ్వని వేగం దాటకూడదు. దాటితే సైలెన్సర్ ఉన్నా గాల్లో కొరడా ఝళిపించినట్టు మోగుతుంది."

"మూడు రకాలు పరీక్షకొచ్చాయి. తెలుసు."

"తెలిస్తే నోరు మూసుకుని విను. మొయిలానెన్ ఆ పరీక్ష చేస్తూ చచ్చిపోయాడు. దగ్గర్నుంచి కొట్టారు. వంటమనిషికి ఏమీ వినపడలేదు. ఖాళీ షెల్లు దొరకలేదు. దీన్నిబట్టి నీకేం అర్థమైంది?"

సకరి కిటికీలోంచి ట్రామును చూస్తూ చెప్పాడు. "సెమీ ఆటోమేటిక్ తుపాకీ, మందు కాలినప్పుడు పుట్టే గ్యాస్ బలంతో, తనంతట తానే ఇనుప బోల్టు వెనక్కి లాక్కుని, ఖాళీ షెల్లును బయటికి ఉమ్ముతుంది. సైలెన్సర్ తూటా నోరు నొక్కుతుంది గాని, ఇనుము ఇనుముకు తగిలే చప్పుణ్ణి ఏం చెయ్యగలదు? గిన్నె మూత పడ్డట్టు టక్‌మంటుంది. కిటికీ తెరిచున్న వంటమనిషికి అది వినపడి తీరాలి. వినపడలేదంటే, చంపినవాడు గ్యాస్ కట్టేశాడు. బోల్టు కదల్లేదు. తర్వాత తీరిగ్గా చేత్తో లాగి, షెల్లు జేబులో వేసుకుని పోయాడు."

"గ్యాస్ కట్టేసే మీట ఆ మూడింట్లో దేనికి ఉంది?"

"మూడోదానికే."

మెచ్చుకోవడం హోలప్పకు అలవాటు లేదు.

"మూడోదాన్ని అమ్మే కంపెనీ మనిషి అక్కడే ఉంది. వెండ్లా స్ట్రోమ్. మొహం అలా పెట్టకు, ఆమె మన మనిషే. రెండేళ్లుగా నార్వాల్ లోపల మనకోసం పనిచేస్తోంది. నువ్వు 'ఐసు మోస్తుందా?' అని అడిగితే, 'మనిషిని మోస్తుంది, గుర్రాన్ని మొయ్యదు' అంటుంది. ఆమెను గౌరవంగా చూడు."

"మన మనిషని ఎవరన్నారు?"

"ఆమే."

"బాగుంది," అన్నాడు సకరి. "దొంగే వచ్చి తాళం నా దగ్గరుంది, భయం లేదంటే నిద్రపోయినట్టుంది."

"బయటికి నడు," అంది హోలప్ప.

*

సోర్సా సరస్సు క్యాంపులో చలి ముక్కులో వెంట్రుకల్ని కూడా గడ్డకట్టిస్తోంది. తుపాకులు మూడూ వసారాలో కొయ్యలకు వేలాడుతున్నాయి. చలికాలంలో తుపాకీని వెచ్చటి గదిలోకి తేకూడదు. తెస్తే దానికి చెమట పట్టి, మళ్లీ బయటికి తీయగానే ఆ చెమట మంచై బోల్టు బిగుసుకుపోతుంది. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి.

మేజర్ కలెర్వో ఉత్రియైనెన్ పరీక్ష కమిటీకి పెద్ద. అతని మీసానికి అతనికంటే ఎక్కువ హోదా ఉన్నట్టు కనిపిస్తుంది.

"మొయిలానెన్ పోయినందుకు విచారమే," అన్నాడు. "కానీ పని ఆగదు. ఇవాళ ఓటు. నువ్వు గూఢచారివి, తుపాకుల సంగతి నీకెందుకు?"

"వీటిని నమ్ముకుని బతకాల్సింది నా మనిషి, మేజర్ గారూ. మీ మీసం కాదు."

వెండ్లా స్ట్రోమ్ నవ్వింది. నక్కతోలు టోపీ, పొడుగాటి చేతులు, ఎర్రటి లిప్‌స్టిక్. అంత చలిలో లిప్‌స్టిక్ పెట్టుకున్న మనిషిని ఆ జిల్లాలో అదే మొదటిసారి చూడటం. ఫిన్నిష్ మాట్లాడుతుంది గాని, తీర ప్రాంతపు స్వీడిష్ యాస తేనెలా కారుతుంటుంది.

"ఐసు మోస్తుందా?" అన్నాడు సకరి, ఆమె వంక చూడకుండా.

"మనిషిని మోస్తుంది, గుర్రాన్ని మొయ్యదు," అంది. గొంతు తగ్గించి, "నీలాంటి గాడిదను మోస్తుందో లేదో చెప్పలేను," అని చేర్చింది.

"గాడిద తన్నుతుంది కూడా. గుర్తుపెట్టుకో."

ఒకటో నంబరు తుపాకీ. గ్యాస్‌ను గొట్టంలోంచి నేరుగా బోల్టు మీదికి పంపే పద్ధతి. తేలిక, గురి బాగా నిలుస్తుంది. కానీ ముందర సైలెన్సర్ బిగించగానే బయటికి పోవాల్సిన గ్యాస్ దారిలేక వెనక్కి తిరిగింది. సకరి నాలుగు రౌండ్లు కాల్చేసరికి కళ్లు మండి నీళ్లు కారాయి. నోట్లో రాగి నాణెం చప్పరించిన రుచి.

"ఏడుస్తున్నావా?" అంది వెండ్లా.

"నీ మొహం చూసి."

రెండో నంబరుది బ్లోబ్యాక్. గ్యాస్ గొట్టం లేదు, మీట లేదు, బోల్టుకు తాళం కూడా లేదు. బరువైన బోల్టు, గట్టి స్ప్రింగు, అంతే. పాడవడానికి అందులో ఏమీ లేదు. కానీ బరువు తిరిగొచ్చి తగిలినప్పుడల్లా టక్ టక్‌మంది. పైగా బోల్టు తొందరపడి తెరుచుకోవడంతో పక్క కన్నంలోంచి ఫట్‌మని గాలి తన్నింది. సరస్సు అవతలి ఒడ్డు ఆ చప్పుళ్లన్నీ తిరిగి అప్పజెప్పింది.

మూడోది పిస్టన్. గ్యాస్ ఎంత కావాలో అంతే తీసుకునేలా వాల్వు తిప్పుకోవచ్చు. సబ్‌సోనిక్ తూటాలో గ్యాసే తక్కువ. ఎక్కువ తీసుకుంటే గోల, తక్కువ తీసుకుంటే బోల్టు సగంలో ఆగిపోతుంది. ఈ తుపాకీ ఆ కొలత తెలిసి పుట్టినట్టుంది. వెనకాల భుజానికి ఆనే దిమ్మలో ఏదో మెత్తటి అమరిక బోల్టును అందుకుని కూర్చోబెడుతోంది. పుస్తకం మూసినంత చప్పుడు, అంతే. సకరికి అది నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"ఓటు అక్కర్లేదనుకుంటా," అన్నాడు మేజర్ మీసం దువ్వుకుంటూ. "నిన్న సరుకుల స్లెడ్జితో మూడో నంబరువి రెండు పంపించేశాను కూడా. మీ మనిషి ఏ దీవిలో ఉన్నాడో నాకు తెలీదు, తెలుసుకోను. కాపలావాళ్లకు అందుతాయి, చాలు."

"ఓటు కాకముందేనా?"

"ఆలస్యం ఎందుకని."

ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న రకం మనుషులు ఏ సైన్యంలోనైనా ఉంటారు. ఫిన్లాండ్ సైన్యం దానికి మినహాయింపేమీ కాదు. సకరి ఇంకేదో అనబోయాడు. అప్పుడే మంచు మీద నడిచే పాత స్నోమొబైల్ ఒకటి దగ్గుతూ వచ్చి రేంజి మధ్యలో, సరిగ్గా తుపాకుల ముందు ఆగింది.

*

దిగినావిడకు డెబ్భై దాటి ఉంటాయి. ఉన్ని టోపీ, మగవాళ్ల బూట్లు. వెనక చిన్న స్లెడ్జిలో బూడిదరంగు వేటకుక్క ఠీవిగా కూర్చుని ఉంది, మెడకు కట్టు, ఆ కట్టు కొస ఆవిడ చేతిలో.

"ఈ రేంజికి పెద్ద ఎవరు?" అంది.

"నేను. ఇది సైనిక స్థలం, మీరు..."

"నేను హిల్యా కెట్టునెన్. ఈ ఊరి వేట సంఘానికి అధ్యక్షురాలిని. నువ్వు పుట్టకముందు నుంచీ ఇక్కడ ఎల్కు దుప్పుల్ని వేటాడుతున్నా. కుక్కను వదిలిందెవరు?"

"ఏ కుక్క?"

"ఇది మార్చి నెలయ్యా. అడవిలో జంతువులు చూలుతో ఉంటాయి. ఈ నెల మొదలు ఆగస్టు దాకా ఏ కుక్కా కట్టు లేకుండా తిరక్కూడదు. చట్టం. నీ మీసానికి చట్టం వర్తించదా?"

మేజర్ తెల్లబోయాడు. "ఇక్కడ కుక్కలే లేవమ్మా."

ఆవిడ ఫోను తీసి అతని ముక్కు కింద పెట్టింది. ఆ ప్రాంతంలో వేటకుక్కలన్నింటికీ మెడలో రేడియో పట్టీ ఉంటుంది. కుక్క ఎక్కడ పరుగెడుతోందో యజమాని ఫోనులో మ్యాపు మీద కనిపిస్తుంది.

"పొద్దుట్నుంచీ చూస్తున్నా. ఉన్నట్టుండి కనిపిస్తుంది, మాయమవుతుంది, మళ్లీ కనిపిస్తుంది. సరిగ్గా ఇక్కడే. అదొక్కటే అయితే ఫోను చేసి తిట్టి ఊరుకునేదాన్ని." ఆవిడ ఫోను తెరను చేతితొడుగుతో తుడిచింది. "కనిపించేది నా పాత కుక్క హల్లి పేరుతో. హల్లి పోయి ఆరు నెలలైంది. దాని గుర్తు ఫోనులోంచి తీసెయ్యడానికి చెయ్యి రాలేదు నాకు. ఇవాళ పొద్దున మ్యాపు మీద అది లేచి తిరుగుతుంటే నా గుండె ఏమైందో నీకు తెలుసా?"

సకరి మూడో నంబరు తుపాకీ తీసి, మట్టిగట్టు వైపు గురిపెట్టి ఒక రౌండు కాల్చాడు. పుస్తకం మూసినంత చప్పుడు.

హిల్యా ఫోను టింగ్‌మంది. మ్యాపు మీద, సరిగ్గా వాళ్లు నిలబడ్డ చోట, హల్లి పుట్టింది.

గ్యాస్ మీట కట్టేసి ఇంకో రౌండు కాల్చాడు. బోల్టు కదల్లేదు. చేత్తో మెల్లగా లాగాడు. ఫోను నోరెత్తలేదు.

సకరి తుపాకీ దిమ్మ స్క్రూలు విప్పాడు. ఆ మెత్తటి అమరిక లోపల బోల్టు వెనక్కి దూసుకొచ్చే చోట రాగి తీగ చుట్ట, దాని పక్కన గోరంత రేడియో. బోల్టు దెబ్బకు పుట్టే కరెంటే దానికి తిండి. బ్యాటరీ లేదు, దీపం లేదు, ఎన్నేళ్లయినా చావదు. చెవికి వినపడని తుపాకీ, పేలినప్పుడల్లా రేడియోలో తన చిరునామా కేకపెడుతోంది. మొయిలానెన్ దిమ్మ విప్పి ఉంటాడు. అందుకే కాఫీ సగంలో ఆగిపోయింది.

"తెలివైనవాళ్లే," అన్నాడు సకరి నెమ్మదిగా. "మన అడవుల నిండా కుక్కల పట్టీలు మోగుతుంటాయి. వాటిలో ఇంకోటి మోగితే ఎవడికి పడుతుంది? అందుకని నిజం కుక్క పట్టీ కొని, దాని నంబరు ఇందులో పెట్టారు. ఒక్కటే తెలీదు వాళ్లకి. ఇక్కడ మార్చిలో కుక్క తిరిగితే జనం ఊరుకోరని."

"హల్లి పట్టీ నేనే అమ్మాను," అంది హిల్యా. "ఇంటర్నెట్టులో పెడితే ఇంటికొచ్చి కొన్నారు. బేరం కూడా ఆడలేదు. బేరం ఆడని మనిషిని చూసి అప్పుడే అనుకున్నా." ఆవిడ చుట్టూ చూసి ఒకచోట ఆగింది. "అదిగో. ఈ నక్కటోపీ పిల్లే కొన్నది. ఇదే ఎర్ర మూతి."

వెండ్లా స్ట్రోమ్ చేతిలో అప్పటికే పిస్తోలు ఉంది.

"కదలకండి," అంది. యాసలోని తేనె ఇంకిపోయింది. రెండడుగులు వెనక్కి వేసి, సకరి స్నోమొబైల్ తాళంచెవి లాగి, నీళ్లకోసం ఐసులో తవ్విన గుంటలోకి విసిరేసింది. బుడుంగుమంది. "నేనేం చెయ్యక్కర్లేదు. మేజర్ గారే చేసిపెట్టారు."

సకరి మేజర్ కాలరు పట్టుకున్నాడు. "ఆ తుపాకులతో ఏం చెయ్యమని చెప్పావు?"

"మామూలు రివాజే... రాత్రంతా బయట చలికి ఉంచి, మధ్యాహ్నం ఎండ నడినెత్తికి రాగానే తలా ఒక రౌండు కాల్చి చూసుకోమన్నాను. కొత్త తుపాకీ కదా..."

"ఫోను చెయ్యి."

"దీవిలో ఫోను లేదు. రేడియో లేదు. అలా ఉండాలని ఆర్డరు వేసింది నువ్వే కదా."

అవును, అతనే వేశాడు. ఎవరూ వాసన పట్టకూడదని. తన జాగ్రత్తే తన మెడకు ఉరి అయింది. దీవికి మంచు మీద ఎంత తొక్కించి నడిపినా గంట ప్రయాణం, నడినెత్తికి ఎండ రావడానికి ఉన్నదీ అంతే.

"పాపం, మాటిచ్చావట కదా వాడికి," అంది వెండ్లా. "ఈ క్యాంపు బయట్నుంచి మొదటి చప్పుడు వినగానే మావాళ్లు హెలికాప్టరు ఎక్కుతారు."

అప్పుడు ఎవరూ ఎన్నడూ చూడని పని ఒకటి జరిగింది. హిల్యా కుక్క కట్టు వదిలింది. మార్చి నెలలో, చట్టానికి విరుద్ధంగా, జీవితంలో మొదటిసారి. బూడిదరంగు ముద్ద స్లెడ్జిలోంచి ఎగిరి వెండ్లా మణికట్టు దొరకబుచ్చుకుంది. పిస్తోలు మంచులో పడింది, వెనకే ఆమె. ఆమె లేచేసరికి హిల్యా కెట్టునెన్ దిమ్మ విప్పిన మూడో నంబరు తుపాకీ ఆమె ఛాతీకి పెట్టి నిలబడి ఉంది.

"గ్యాస్ కట్టేసే ఉంది కదా, నాయనా?"

"కట్టేసే ఉంది, పెద్దమ్మా."

"విన్నావా పిల్లా? నేను కాలిస్తే నీకు తప్ప ఎవరికీ తెలీదు." తర్వాత సకరితో, "నా బండి తీసుకో. కొండ ఎక్కేటప్పుడు తిట్టాలి, లేకపోతే ఎక్కదు," అంది.

*

అతను తిట్టాడు. దారి పొడుగునా తిట్టాడు. మేజర్‌ను, వెండ్లాను, హోలప్పను, అందరికంటే ఎక్కువ తనను తాను. బండి ఎక్కింది.

దీవి కనిపించేసరికి పైనుంచి ఎండ కొడుతోంది. ఒడ్డుకు ఇంకా మూడొందల మీటర్లు ఉందనగా బండి పట్టా కింద మంచు మెత్తబడింది. పైన గట్టిగా కనిపించినా అడుగున నీళ్లూరిన బురద. బండి నడుం దాకా దిగబడి ఆగిపోయింది. సకరి దూకి నడవడం మొదలుపెట్టాడు.

గుడిసె ముందు ఇద్దరు మనుషులు. ఒకడు తుపాకీ ఎత్తి పక్కనున్న మంచుదిబ్బ వైపు గురిచూస్తున్నాడు. అతను సార్జెంట్ పాను. రెండోవాడు ఇటు చూసి పాను భుజం తట్టాడు. తుపాకీ మంచుదిబ్బ మీంచి లేచి సకరి వైపు తిరిగింది.

సకరి ఆగిపోయాడు. వాళ్లకిచ్చిన ఆర్డరు అతనికి కంఠతా వచ్చు, రాసింది అతనే గనక. ఐసు మీద ఎవడొచ్చినా శత్రువే. మాట వినొద్దు, దగ్గరికి రానివ్వొద్దు, కాల్చండి. తెల్లటి ముసుగు, తెల్లటి ప్యాంటు, కళ్లకు నల్లద్దాలు. నార్వాల్ మనిషి వస్తే అచ్చం ఇలాగే వస్తాడు. అరిచాడు. ఎదురుగాలి అతని మాటల్ని అతని మొహానే కొట్టింది.

మంచుదిబ్బను కాల్చినా అంతే, తనను కాల్చినా అంతే. ఆ తుపాకీ ఒక్కసారి పేలితే చాలు, బోయాన్ చచ్చినట్టే. తను చచ్చిపోవడం సకరికి పెద్ద విషయంగా తోచలేదు. తన మాట చచ్చిపోవడం తోచింది. ఆ ముసలి మెకానిక్ తన చెయ్యి పట్టుకుని, నమ్ముతూ, భయపడుతూ చూసిన చూపు గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎదురుగా పాను చెంప దిమ్మకు ఆన్చాడు.

సకరి ముసుగు పీకి పారేశాడు. తర్వాత కోటు. స్వెట్టరు, చొక్కా, బూట్లు, ప్యాంటు. చలి ఒంటిని పళ్లతో పట్టుకుంది. పిసరు గుడ్డ లేకుండా, చేతులు రెండూ పైకెత్తి, మంచు మీద గుడిసె వైపు నడిచాడు.

ప్రపంచంలో ఇంకే దేశంలోనైనా అతన్ని పిచ్చివాడనుకుని కాల్చేవాళ్లు. ఇక్కడ గడ్డకట్టిన సరస్సు మీద దిసమొలతో నడిచే మగవాడు ఒక్కడే ఉంటాడు. ఆవిరిగదిలో ఒళ్లు కాగి, ఐసు గుంటలో మునగడానికి పోతున్నవాడు. సౌనా నుంచి వచ్చే మనిషి మీద తుపాకీ ఎత్తడం పాను పుట్టి పెరిగిన ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

తుపాకీ గొట్టం కొంచెం వంగింది.

"ఒరే," అన్నాడు పాను పక్కవాడితో, "ఇక్కడ చుట్టుపక్కల సౌనా ఎక్కడుందిరా?"

"లేదే."

"మరి వీడెక్కడ కాగాడు?"

వాళ్లు ఆ సంగతి తేల్చుకునేలోపు సకరి మాట వినపడేంత దగ్గరికొచ్చాడు. "పేల్చకు," అన్నాడు. పళ్లు టకటకలాడుతుంటే మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "పేల్చకురా పానూ. నీ కాళ్లు పట్టుకుంటా."

పాను అప్పుడు మొహం గుర్తుపట్టాడు. వేలు ట్రిగ్గరు మీంచి తీశాడు. "మీరా సార్? మీ ఆర్డరు ప్రకారం మిమ్మల్ని కాల్చెయ్యాలి కదా," అన్నాడు, కొంచెం నిరాశగా.

"ఆ ఆర్డరు రాసినవాడు వెధవ. తుపాకీ కింద పెట్టు."

గుడిసె తలుపు సందులోంచి బోయాన్ తొంగిచూశాడు. అతని దేశంలో సౌనాలు లేవు. చాలాసేపు చూసి, ఏమీ అడక్కుండా లోపలికి వెళ్లి దుప్పటి తెచ్చి కప్పాడు.

*

ఆ సాయంత్రం ఆ రెండు తుపాకుల్లో ఒకదాన్ని జిల్లా పోలీసు స్టేషను వెనక పెరట్లో ఒకే ఒక్కసారి పేల్చారు. ఎక్కువసేపు ఎదురుచూడక్కర్లేకపోయింది. హెలికాప్టరు వచ్చి నేరుగా పోలీసు జీపుల మధ్య దిగింది. అందులోంచి దూకిన నార్వాల్ మనుషులు, తమ చుట్టూ నిలబడి కాఫీ తాగుతున్న పోలీసుల్ని చూసి, మర్యాదగా చేతులెత్తారు. వెండ్లా అప్పటికే లోపల గదిలో ఉంది. ఆమె మణికట్టుకు కట్టు కట్టిన నర్సుతో, ఈ దేశంలో మనుషులకంటే కుక్కలకు విలువెక్కువని ఫిర్యాదు చేసిందట. నర్సు అవునందట.

కమిటీ మళ్లీ కూర్చుంది. ఈసారి మేజర్ బయట కూర్చున్నాడు. కాపలావాళ్లకు పిస్టన్ తుపాకీయే కావాలని సకరి ఓటేశాడు. పద్ధతి మంచిదే, దాని పొట్టలో దూరినవాళ్లే చెడ్డవాళ్లని వాదించాడు. కొత్త దిమ్మ తన ఎదురుగానే బిగించాలన్నాడు. హోలప్ప ఒప్పుకుంది. "రెండేళ్లు నమ్మాను ఆ వెండ్లాను," అంది తనలో తను అనుకుంటున్నట్టు. క్షమాపణకు ఆమె అంతకంటే దగ్గరగా ఎప్పుడూ రాలేదు.

వారం తర్వాత కోర్టులో బోయాన్ నోరు విప్పాడు. పేర్లు చెప్పాడు, ముఖాలు చూపించాడు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చెబుతూనే ఉన్నాడు. బోనులో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే తలలు వంచుకున్నారు. వెనక వరసలో నల్ల సూటు, టై, మెరిసే బూట్లతో కూర్చున్న సకరి పెల్తో అన్నేళ్ల ఉద్యోగంలో మొదటిసారి కుర్చీకి వీపు ఆన్చాడు.

చివర్లో ముద్దాయిల తరఫు లాయరు లేచాడు. దీవిలో దాడి జరగబోయిందన్నదే కట్టుకథన్నాడు. ఆ రోజు తనను కాపాడిన అధికారి ఈ హాల్లో ఉంటే సాక్షి వేలెత్తి చూపించాలని సవాలు చేశాడు.

బోయాన్ లేచి, హాలంతా ఓపిగ్గా వెతికాడు. చూపు సకరి మీద ఆగింది, సూటు మీదుగా టై దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఆయనేననుకుంటానండీ," అన్నాడు జడ్జితో. "కానీ ఇన్ని బట్టల్లో ఖచ్చితంగా చెప్పలేను."